డాలర్ డ్యూటీ

మా ఆయన పేరు రాజం. బొగ్గుబాయిలో ముప్పై ఐదేళ్లు పనిచేసి మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. ఏప్రిల్ మొదట్లో మళ్లీ డ్యూటీకెక్కాడు. ఆ డ్యూటీ ఎవరూ ఇవ్వలేదు, తనకు తానే ఇచ్చుకున్నాడు. మూడేళ్ల కిందటి ఎండాకాలం మాట ఇది.

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొమ్మిది కొట్టేసరికి ముందుగదిలో కూలర్ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. చేతిలో ఫోను. ఫోనులో డాలర్‌కూ రూపాయికీ మధ్య పొద్దంతా నడిచే బేరం. చేతికి డాలర్ నోటేమీ రాదు. రాబోయే ధర మీద కొనడం, అమ్మడం, అంతే. సాయంత్రం ఐదుకు ఆ బజారు మూసేస్తారు. మూయగానే లేచి, పెరట్లో నల్లా కింద కాళ్లూ చేతులూ కడుక్కుని, అచ్చం బాయి నుంచి వచ్చిన మనిషిలాగే "శోభా, చాయ్" అని కేకేసేవాడు. మధ్యాహ్నం అన్నానికి వంటింట్లోకి రావడానికి కూడా ఒప్పుకోలేదు. టిఫిన్ కట్టివ్వమన్నాడు. ఒక్క గడప దాటడానికి నేను రోజూ టిఫిన్ కట్టాను. మొదట్లో నవ్వుకుంటూనే కట్టాను.

"తొమ్మిది నుంచి అయిదు. శనివారం, ఐతారం సెలవు. జనరల్ షిఫ్టు ఎట్లుంటదో రిటైరయినంక చూస్తున్ననే," అన్నాడు ఒకరోజు. సర్వీసంతా మూడు షిఫ్టుల మధ్య తిరిగిన మనిషి. జనరల్ షిఫ్టంటే ఆయన దృష్టిలో ఫ్యాను కింద కూర్చునే ఆఫీసు వాళ్లది. అది తనకూ వచ్చిందని ముఖంలో ఒక గర్వం.

నా దిగులు మాత్రం వేరే చోట ఉంది. గోదావరిఖని ఊరి చివర మాకు చిన్న ప్లాటు. అందులో మూడు గదులకు గోడలు లేచి ఉన్నాయి, కప్పు లేదు. కంపెనీ క్వార్టరు ఎండాకాలం దాటేలోగా ఖాళీ చేయాలి, వానలు పడేలోగా స్లాబు పోయాలి. రిటైర్మెంటు డబ్బులో కొంత పిల్లల పేరున వేసి, స్లాబుకని విడిగా పెట్టుకున్నాము. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను క్వార్టర్లలోనే వండాను. ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటిళ్లు అవి. కొత్త ఇంట్లో వంటింటికి తూర్పున పెద్ద కిటికీ పెట్టించుకున్నాను. కప్పు లేకుండా ఆ కిటికీని చూడ్డానికి రెండుసార్లు ఆటో ఎక్కి పోయి వచ్చాను కూడా.

ఆ స్లాబు డబ్బే ఆయన డాలర్ డ్యూటీకి పెట్టుబడి.

"స్లాబుకు ఇంక టైమున్నది. అప్పటిదాక పైసలు బ్యాంకుల ఊకె పండుకోవాల్నా?" అన్నాడు.

"పండుకోనియ్యి. పాపం, అవి గూడ ఇన్నేండ్లు కష్టపడ్డయి," అన్నాను. ఆయనకు నా వేళాకోళం ఎక్కలేదు.

లక్ష్మీనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పైగదిలో ఒక మంథని పంతులు గారబ్బాయి కరెన్సీ ట్రేడింగు నేర్పుతున్నాడని ఎవరో చెప్పారు. పేరు కౌండిన్య. ఆయన పోతానంటే నేనూ బయల్దేరాను. నువ్వెందుకే అన్నాడు. స్లాబు పైసలు ఎటు పోతే నేనూ అటే అన్నాను. గదినిండా డిగ్రీ పిల్లలు, వెనక బెంచీ మీద మేమిద్దరం. పెళ్లయిన ఇన్నేళ్లకు ఇద్దరం కలిసి బడికి పోయినట్టయింది.

కౌండిన్యకు ముప్పై దాటి ఉండవు. నెమ్మదిగా మాట్లాడేవాడు. తెల్లబోర్డు మీద మెట్లు మెట్లుగా ఎక్కే గీత ఒకటి గీశాడు.

"ట్రెండంటె ఇంకేం లేదు కాకా, దిక్కు. చూడుండ్రి, ఎక్కింది, జర దిగింది, మల్ల ఎక్కింది. దిగినప్పుడు ఎన్కటి అడుగు కంటె కిందికి పోలేదు. ఎక్కినప్పుడు ఎన్కటి కొస కంటె పైకి పోయింది. ఇట్ల నడిచినన్ని రోజులు పైకి ట్రెండ్. దీన్నే తిప్పి గీస్తె కిందికి ట్రెండ్."

తర్వాత ఇంకో గీత గీశాడు. అది లేచి, పడి, లేచి, పడి, మొదలైన చోటికే వచ్చింది.

"ఇప్పుడు మన డాలర్ గిట్లున్నది. ఎనభై రెండు రూపాయల చుట్టే తిరుగుతున్నది. జర లేస్తె రిజర్వ్ బ్యాంకు అమ్ముతది, జర పడితె కొంటది. ఇరవై రోజుల ధరలు కలిపి సరాసరి తీసి గీత గియ్యుండ్రి. ఆ గీత వంగితె దిక్కున్నట్టు. సాపుగ పండుకుంటె దిక్కు లేనట్టు."

మా ఆయన చెయ్యెత్తాడు. "దిక్కు లేనప్పుడు ఏం చెయ్యాలె సార్?"

"ఏం చెయ్యొద్దు కాకా."

"ఏం చెయ్యకుంట?"

"చూసుకుంట కూసోవాలె. నేను నెల నుంచి ఒక్కటి గూడ కొనలేదు."

"మరి నెల నుంచి నాగానే గదా సార్?"

పిల్లలు నవ్వారు. కౌండిన్య నవ్వలేదు. "చూసుడే డ్యూటీ కాకా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఫైవింక్లయిన్ చౌరస్తా దగ్గర బండి నెమ్మది చేసి మా ఆయన అన్నాడు, "పిలగాడు మంచిగనే చెప్తున్నడు గని, మస్తు బద్దకస్తుడు."

బాయి పని ఎరగని వాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర హాజరును మస్టర్ అంటారు. చెప్పకుండా డ్యూటీకి పోకపోతే నాగా. సెలవు పెట్టుకుని పోకపోవడం వేరు, నాగా వేరు. నాగాలు ఎక్కువైతే చార్జిషీటు, ఇంకా ఎక్కువైతే ఉద్యోగమే పోతుంది. మా కాలనీల్లో పిల్లనిచ్చేవాళ్లు పిల్లవాడు తాగుతాడా అని తర్వాత అడుగుతారు, నాగాలు పెడతాడా అని ముందు అడుగుతారు. మా నాన్న కూడా అదే అడిగాడు. ఈ మనిషి జ్వరంతో పోయాడు, బెణికిన కాలుతో పోయాడు. మా పెళ్లి ఆదివారం పెట్టించి సోమవారం మొదటి షిఫ్టుకు పోయాడు. ఆయన మంచితనమంతా ఆ మస్టర్లలోనే ఉందని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

అదే మంచితనం డాలర్ దగ్గర మా కొంప ముంచింది. బజారుకు దిక్కు ఉన్నా లేకపోయినా ఈయన రోజూ ఒక బేరం చేయాల్సిందే. కొంచెం లేవగానే కొనేవాడు. అది ఎప్పటిలాగే వెనక్కి వచ్చేది. ఇంతకంటే నష్టం వద్దని ముందే గీసుకున్న గీత తగిలి బేరం తెగిపోయేది. ఒక్కరోజులో పెద్దగా పోయేది కాదు. బియ్యం బస్తాకు చిల్లు పడ్డట్టు, సన్నగా, రోజూ పోయేది. పొద్దున పోయినదాన్ని పూడ్చాలని మధ్యాహ్నం రెట్టింపు కొనేవాడు. దానికి ఓవర్‌టైం అని పేరు పెట్టాడు.

ఒకరోజు చాయ్ ఇస్తూ ఫోనులోకి తొంగిచూశాను. సరాసరి గీత తాడు పరిచినట్టు సాపుగా ఉంది.

"ఇయ్యాల ట్రెండున్నదా?"

"లేదు."

"మరెందుకు కొన్నవు?"

"పొద్దుగాల నుంచి కూసున్న. ఏం చెయ్యకుంట ఎట్ల లేస్తనే?"

"పంతులు కొనద్దన్నడు గదా."

"కూసోని తింటె కొండలు గూడ కరుగుతయన్నరు."

"మన కొండలు నువ్వు కూసున్నందుకు కరుగుతలేవయ్యా. ఊకె కూసోలేక కరుగుతున్నయి," అన్నాను.

ఆయన చాయ్ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. మళ్లీ ఫోనులోకి తల వంచాడు.

మేస్త్రి కొమురెల్లి అప్పటికి రెండుసార్లు వచ్చి పోయాడు. మా గోడలు లేపింది అతనే. మూడోసారి వచ్చి గడప మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ.

"అక్కా, రామకృష్ణాపూర్ల పని ఒడిసింది. సెంట్రింగు చెక్కలు ఖాళీగున్నయి. ఇప్పుడంటె రేపే దింపుత. ఆలిస్యమయితె వేరేటోళ్లు తీస్కపోతరు, మల్ల నన్ననద్దు."

"వచ్చే సోమారం చూద్దాం కొమురెల్లీ," అన్నాడు మా ఆయన తలెత్తకుండానే. పోయిన రెండుసార్లూ అదే మాట.

కొమురెల్లి ఆయన ఇస్త్రీ చొక్కానూ పక్కనున్న టిఫిన్ గిన్నెనూ చూసి నావైపు తిరిగాడు. "అన్నకు మల్ల ఏడనన్న డ్యూటీ దొరికిందా అక్కా?"

"దొరికింది. డాలర్ డ్యూటీ," అన్నాను. నవ్వుతూ అనాల్సిన మాట. నవ్వు రాలేదు.

మా ఆయన దాచే మనిషి కాదు. మే నెల మొదట్లో ఒక సాయంత్రం ఫోను నా చేతిలో పెట్టి తనే చెప్పాడు. మిగిలినదాంతో మూడు గదులకు స్లాబు పడదు. రెండింటికే వస్తుంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మర్నాడు టిఫిన్ కట్టలేదు. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వంటింట్లో పీట ముందు పెట్టి నా పని నేను చూసుకున్నాను. ఒంటిగంటయింది. ఒకసారి పిలిచాడు, పలకలేదు. కాసేపటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"టిఫిన్ ఏదే?"

"ఇగ కట్ట. తింటె ఈడికొచ్చి తిను."

"బజారు నడుస్తున్నది."

"నడవనియ్యి." పొయ్యి ఆపి ఆయన వైపు తిరిగాను. నా గొంతు నాకే ఆశ్చర్యమనిపించేంత నెమ్మదిగా వచ్చింది. "ఇగో, ఒక్క మాట చెప్త, విను. అప్పుడు నువ్వు నాగా పెట్టకుంటె మన ఇంట్ల పొయ్యి వెలిగింది. నేనెన్నడన్న కాదన్ననా? ఇప్పుడు నువ్వు నాగా పెట్టకుంటె ఇంటికి కప్పు లేకుంట అయితున్నది. ఆ బాయి వేరు, ఈ బాయి వేరు. నిన్ను ఇంక మస్టరు అడిగేటోడు లేడయ్యా."

ఆయన నాకేసి చూడలేదు. వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను వడ్డించాను. ముందుగదిలో ఫోను రెండుసార్లు కుయ్ మంది. తొక్కు ఇంకొంచెం వెయ్యమన్నాడు, వేశాను. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు.

"కొమురెల్లికి ఫోన్ చెయ్యి."

కొమురెల్లి సాయంత్రమే వచ్చాడు. ముగ్గురం ప్లాటు దగ్గరికి పోయాము. అతను గోడల మధ్య అటూ ఇటూ నడిచి కొలత చూసుకున్నాడు.

"రెండు గదులకే అంటె ఒకటి ఆపాలె. ఇనుప సలాకలు బయటికి ఒదిలి పెడత, పైసలున్ననాడు కలుపుకోవచ్చు. ఏది ఆపుదాం?"

లోపలి గది ఆపుదామని నేను నోరు తెరిచాను. వంటిల్లు అనడానికి నాకు మనసొప్పలేదు, దాచుకోవడమెందుకు. ఆయన నాకంటే ముందే అన్నాడు.

"ముందుగది ఆపు."

"ముందుగదంటె ఇంటికి మొకం గదా అన్నా. ఎవరన్న వస్తె కూసునేది ఆడనే. నువ్వు గూడ కూసోవాల్నంటె..."

"కూసునుడు బందు," అన్నాడు మా ఆయన.

స్లాబు నాడు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టాము. పనివాళ్లకు వండి పెట్టడానికి నేనూ పక్కింటి లింగవ్వా చెట్టు నీడన పొయ్యి పెట్టి నాటుకోళ్ల కూర ఎక్కించాము. స్లాబు రోజు కూలీలకు కోడికూర పెట్టకపోతే కప్పు నిలవదంటారు మా వైపు. నిలవడం సంగతి దేవుడెరుగు, కూలీలైతే నిలవరు. మా ఆయన పని చూసుకుంటే చాలని కొమురెల్లి చెప్పాడు. చూసుకుంటూ ఉండటం ఈయనకు ఏనాడు చేతనయింది? తలకు తువ్వాలు చుట్టుకుని, పైన వరసలో నిలబడి, కింది నుంచి వచ్చే కంకర తట్టలు అందుకోవడం మొదలుపెట్టాడు. ఫోను నా కొంగు ముడిలో పడేశాడు.

ఎండ బాగా ఎక్కాక ఫోను మోగింది. కౌండిన్య.

"చిన్నమ్మా, కాకకు ఇయ్యుండ్రి."

"స్లాబు మీద ఉన్నడు పంతులూ. చేతులు సిమెంటుల ఉన్నయి. నాకు చెప్పు."

"డాలర్ కదిలింది చిన్నమ్మా. ఇన్ని రోజులు ఏడికాడికి ఆగిందో ఆ గీత దాటింది. సరాసరి గూడ వంగుతున్నది. నేను కొన్న. కాక ఇన్నిరోజులు ఒట్టిగ పోగొట్టుకున్నడు, ఇప్పుడు చెప్పకపోతె నాకు మంచిగనిపియ్యదు."

అతను చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. బోర్డు మీది మెట్ల గీత కళ్ల ముందు కనిపించింది. నిజం చెప్తున్నాను, నాకు ఆశ పుట్టింది. ఆ మెట్ల మీద మూడో గది కప్పు కూడా కనిపించింది. ఆయన్ను అంతగా అన్నదాన్ని నేనే, గబగబా నిచ్చెన సగం దాకా ఎక్కి కంకర కలిపే మిల్లరు చప్పుడుకు మించి కేకేశాను.

"ఇగో, పంతులు ఫోన్ చేసిండు. డాలర్ లేచిందట."

ఆయన చేతిలో నిండు తట్ట ఉంది. "నిజంగ లేచిందా?"

"గీత దాటిందట. పైకి ట్రెండేనట."

ఒక్క క్షణం ఆగాడు. వెనక నుంచి కొమురెల్లి "అన్నా, తట్ట" అన్నాడు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆగిన చోట అతుకు పడి తర్వాత కారుతుంది. మా ఆయన తట్ట పక్కవాడికి అందించాడు. కింది నుంచి ఇంకోటి అందుకున్నాడు.

"ఇయ్యాల నాగా అని చెప్పు," అన్నాడు.

నేను నిచ్చెన మీదే నిలబడి ఫోనులో ఆ మాట చెప్పాను.

"కాకనేనా అన్నది?"

"ఆయనే."

"సరే చిన్నమ్మా. సాయంత్రం అటు వస్త, కొబ్బరిముక్క దాచుండ్రి," అన్నాడు కౌండిన్య. అన్నట్టుగానే వచ్చాడు. డాలర్ మాట అతను ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఆ వారమంతా డాలర్ పైకే పోయింది. ఆయన చూడలేదు, నేను చూశాను. బోర్డు మీద గీసినట్టే ఎక్కింది, జర దిగింది, మళ్లీ ఎక్కింది. చూసినకొద్దీ మూడో గది కప్పు చేజారినట్టే అనిపించేది. ఆయన పొద్దునా సాయంత్రం పోయి స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టి వచ్చేవాడు. ఒక సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

"ఎంతదాక పోయింది?"

చెప్పాను. ఆయన మనసులో లెక్క వేసుకోవడం తెలుస్తూనే ఉంది.

"ముందుగది ఒచ్చేది," అన్నాడు.

"ఒచ్చేది."

"ఒస్తె నేను ఆపేటోణ్ని కాదు శోభా. తెల్లారి తొమ్మిదింటికి మల్ల కూసునేటోణ్ని."

అది ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి నేనూ డాలర్ చూడటం మానేశాను.

జూన్‌లో క్వార్టరు తాళాలు అప్పగించి, కొత్త వంటింట్లో పాలు పొంగించాము. కాసిపేట నుంచి బిడ్డా అల్లుడూ వచ్చి ఒకపూట ఉండి పోయారు. ముందుగది గుండానే అందరూ ఇంట్లోకి రావాలి. తలెత్తితే ఆకాశం, గోడల మీద బయటికి పొడుచుకొచ్చిన సలాకలు. వచ్చినవాళ్లు ఒకసారి తలెత్తి చూసి లోపలికి నడిచేవాళ్లు.

మొదటి పెద్ద వాన ఒక బుధవారం పొద్దున పడింది. నేను కుక్కర్ ఎక్కించి పప్పుకు తాలింపు పెడుతున్నాను. ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి ముందుగదిలో పడుతున్న వానను చూస్తున్నాడు. కొత్త గచ్చు మీద నీళ్లు నిలిచి, బుడగలు లేచి పగులుతున్నాయి. నాకు ఆయన్ను చూస్తే జాలేసింది.

ఆయన వెనక్కి తిరిగి వంటింటి కప్పుకేసి చూశాడు. నాలుగు మూలలూ తిరిగి, చెయ్యెత్తి గోడ తడిమి చూశాడు.

"యాడన్న కురుస్తున్నదా?"

"లేదు."

"కిటికి కాడ?"

"సుక్క గూడ లేదు. మంచిగున్నది," అన్నాను.

తల ఊపాడు. తువ్వాలు దులిపి నా పొయ్యి గట్టు పక్కన నేల మీద పరుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తాలింపు దించి చూసేసరికి నిద్రపట్టేసింది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవడం నేను ఏళ్లకేళ్లు చూశాను. ఏ పనీ చేయకుండా పట్టపగలు ఆయన నిద్రపోగా చూడటం అదే మొదలు. నోరు కొద్దిగా తెరిచి, బయట అంత వాన మోతలో, చిన్నపిల్లవాడిలా పడుకున్నాడు.

కుక్కర్ కూతేస్తే లేస్తాడని పొయ్యి ఆపేశాను. ఆ పూట అన్నం పలుకు పలుకుగానే తిన్నాము.